573 మంది ఉండే సిటీ: నాయనతో ప్లెయిన్స్‌కు పోయొచ్చిన మూడు రోజులు

నాయన అమెరికా వచ్చి ఏడు వారాలు. పొద్దున్నే లేచి మా కాలనీ అంతా రెండు చుట్లు తిరిగొచ్చి, వాకిట్లో చెప్పులు విడుస్తూ రోజూ అదే మాట: "జనం యాడుండార్రా?" కార్లుంటాయి, కుక్కలుంటాయి, కుక్కల్ని పట్టుకుని ఒకరో ఇద్దరో ఉంటారు, అంతే. కదిరి పక్క పల్లెలో అరవై ఏడేళ్లు బతికిన మనిషికి (ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా, ఆయన దృష్టిలో ఇంకా అనంతపురమే) అట్లాంటా పక్కన మేముండే ఆల్ఫారెట్టా ఎట్లా ఉంటుందో నాకూ అర్థమవుతూనే ఉంది. నయాగరా చూపిస్తానంటే "నీళ్లు చూసేదానికి అంత దూరం పోవల్లనా" అన్నాడు. చెనిక్కాయలు పండేచోటికి పోదామా అని అడిగితే మాత్రం చదువుతున్న పేపర్ మడిచి పక్కన పెట్టాడు.

అట్లా తేలిన ఊరు ప్లెయిన్స్, మేముండే జార్జియా రాష్ట్రంలోనే. అమెరికా 39వ ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ పుట్టిన ఊరు, చెనిక్కాయల వ్యాపారం చేసిన ఊరు, అప్పటికి ఆయన ఇంకా బతికుండి కాపురముంటున్న ఊరు. 2020 జనాభా లెక్కల్లో అక్కడున్నది 573 మంది. మా పల్లెలో ఒక పెళ్లికి దానికంటే ఎక్కువమంది తింటారు.

మొదటి రోజు, 2024 సెప్టెంబర్ 20, శుక్రవారం

పదింటికి బయల్దేరాం. నేను, మా ఆవిడ, నాయన. వెనక సీట్లో ఒక డబ్బా పులిహోర. అట్లాంటా ఊరు దాటేదానికే గంట పట్టింది, దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

మేకన్ దాటాక నేల మారిపోతుంది. ఇది కంటికి కనిపించే మార్పే గానీ ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపించలేం. జార్జియాకు అడ్డంగా కొలంబస్, మేకన్, అగస్టా ఊళ్ల మీదుగా ఒక గీత పోతుంది, ఫాల్ లైన్ అంటారు. పైన గట్టి రాతి నేల, కింద ఒకప్పుడు సముద్రం ఉన్న చోటి ఇసుక నేల. నదులు ఆ గట్టు దిగేచోట సుడులు, జలపాతాలు ఉంటాయి కాబట్టి పాత రోజుల్లో పడవలు అక్కడి నుంచి పైకి పోలేకపోయేవి. సరుకు దించేచోట ఊళ్లు లేచాయి. పైన గుట్టలూ పైన్ చెట్లూ, కిందికి వస్తే సాపుగా పరుచుకున్న పొలాలు. ప్లెయిన్స్ ఉండేది ఆ కింది భాగంలోనే.

బైరన్ దగ్గర ఇంటర్‌స్టేట్ దిగి 49వ నంబర్ రోడ్డు పట్టుకున్నాం. ఫోర్ట్ వ్యాలీ చుట్టూ పీచ్ తోటలు, పీకాన్ తోటలు. పీకాన్ చెట్లు వరసలో నిలబెట్టిన సిపాయిల్లా ఉంటాయి, ఎటునుంచి చూసినా వరసే. నాయన కాసేపు వాటినే చూసి, "నీళ్లు యాడ్నుంచి పెడతారు?" అన్నాడు. మాంటెజూమా దగ్గర ఫ్లింట్ నది దాటుతుంటే "ఇదేనా నీళ్లు" అని తనే అనుకున్నాడు. కానీ ఇక్కడ నదికంటే వాన ఎక్కువ. ఏడాదికి సుమారు 1,200 మిల్లీమీటర్లు. మాకు 550 పడితే పండగ.

దారిలో ఆండర్సన్‌విల్. సివిల్ వార్ కాలంలో దక్షిణాది సైన్యం పట్టుకున్న ఉత్తరాది సైనికుల్ని ఉంచిన జైలు అక్కడుండేది. జైలంటే గదులూ కప్పులూ ఏమీ లేవు, కర్రల దడి కట్టిన మైదానం, అంతే. పదివేలమందికని కట్టారు, 1864 ఆగస్టుకల్లా ఇరవై ఆరు ఎకరాల్లో 32 వేలమందికి పైగా కుక్కారు. పద్నాలుగు నెలల్లో మొత్తం 45 వేలమంది వచ్చిపోతే, అందులో దాదాపు 13 వేలమంది అక్కడే పోయారు, ఎక్కువగా విరేచనాలతో, తిండి లేక. ఇరవై ఆరు ఎకరాలంటే నాయనకు వెంటనే లెక్క తెలుస్తుంది. "మన బావి కాడి చేను, దానికి ఆనుకున్న మీ చిన్నాయనోళ్ల చేను, ఇంకా గుట్ట దాకా" అని చేత్తో కొలిచి, "దాంట్లో ముప్పై రెండు వేలా" అని ఆగిపోయాడు. సమాధి రాళ్లు ఒకదానికొకటి దాదాపు తగులుతూ ఉన్నాయి, శవాల్ని గోతుల్లో పక్కపక్కనే భుజాలు ఆనేట్టు పడుకోబెట్టారు కాబట్టి.

రాత్రికి అమెరికస్. కౌంటీకి (మన జిల్లా లాంటిది) పెద్ద ఊరు, 16 వేల పైచిలుకు జనం. 1892లో కట్టిన విండ్సర్ హోటల్ ఊరి మధ్యలో కోటలా ఉంటుంది, మా బడ్జెట్ మాత్రం బైపాస్ పక్క మోటెల్. నాయనకు మోకాళ్ల నొప్పులని కింది అంతస్తు గది బుక్ చేసి, రెండుసార్లు ఫోన్ చేసి చెప్పి మరీ పోయినా, పైన గది ఇచ్చారు, లిఫ్ట్ లేదు, కౌంటర్‌లో అబ్బాయి "సిస్టమ్‌లో అట్లా లేదు" అన్నాడు. అరగంట వాదించి ఓడిపోయాను. నాయన మాత్రం మెట్లు ఎక్కుతూ "అరుస్తాంటే మెట్లు తగ్గుతాయేంరా" అన్నాడు.

ఇంకో సంగతి. ఫాల్ లైన్‌కే ఇక్కడివాళ్లు ఇంకో పేరు పెట్టుకున్నారు, నుసుముల గీత. ఆ గీత కిందికి దిగితే కళ్ల ముందు నుసుములు మూగుతాయి. కుట్టవు, ఊరికే కళ్లలో పడతాయి. లోకల్ వాళ్లు చెయ్యి ఊపరు. మాట్లాడుతూ మాట్లాడుతూ మూతి ఒక పక్కకు తిప్పి పైకి ఉఫ్ అని ఊదుతారు, మాట ఆగదు. పెట్రోల్ బంకులో పెద్దాయన ఒకరు మాకు దారి చెబుతూ నాలుగుసార్లు ఊదాడు. నాయన రెండో రోజు మధ్యాహ్నానికే నేర్చేసుకున్నాడు.

రెండో రోజు, శనివారం

అమెరికస్ నుంచి పడమరకు పది మైళ్లు, 280 నంబర్ హైవే. రోడ్డుకు ఇటూ అటూ పత్తి, చెనిక్కాయ, మధ్యలో పైన్ అడవి. ఊరి పొలిమేర బోర్డు మీద సిటీ అని ఉంది. నాయనకు చదివి చెప్పాను. "సిటీనా?"

దీనికి వివరం చెప్పాలి. జార్జియాలో సిటీ, టౌన్ అని చట్టంలో తేడా లేదు. రాష్ట్ర శాసనసభ చార్టర్ ఇస్తే అది మునిసిపాలిటీ, అందులో ఆరు లక్షలున్నా ఆరు వందలున్నా ఒకటే. ప్లెయిన్స్‌కు మేయర్ ఉన్నాడు, కౌన్సిల్ ఉంది. మన పంచాయతీకి పెద్ద పేరు పెట్టినట్టు. ఊరి హద్దు కూడా విచిత్రం: రైల్వే డిపోను (ఇక్కడ స్టేషన్‌ను అట్లా అంటారు) మధ్యలో పెట్టి వృత్తలేఖినితో గీసినట్టు గుండ్రం, అటు చివరి నుంచి ఇటు చివరికి సుమారు ఒక మైలు. విస్తీర్ణం చదరపు మైలులో పదింట ఎనిమిది వంతులే. పొలాలూ వాగులూ గుట్టలూ చూసి హద్దులు పెట్టుకునే మాలాంటి వాళ్లకు ఈ గుండ్రం ఊరు భలే నవ్వొచ్చే సంగతి.

మొదట ఈ ఊరు ఇక్కడ లేదు. చుట్టుపక్కల మూడు చిన్న పల్లెలుండేవి, వాటిలో ఒకదాని పేరు ప్లెయిన్స్ ఆఫ్ డ్యూరా, బైబిల్‌లో దానియేలు గ్రంథం నుంచి తీసుకున్నది. 1885 ప్రాంతంలో రైలు పట్టాలు పక్కనుంచి పోయాయి. దాంతో జనమే పట్టాల దగ్గరికి వచ్చేశారు, పేరును ప్లెయిన్స్ అని కురచ చేసుకున్నారు, 1896లో చార్టర్ తెచ్చుకున్నారు. ఊరు రైలును వెతుక్కుంటూ వచ్చిందన్నమాట.

మెయిన్ స్ట్రీట్ అంటే ఒక్క వరస ఇటుక కట్టడాలు, పొడవాటి వసారా కింద నాలుగైదు దుకాణాలు. ఆ కొస నుంచి ఈ కొసకు నడిస్తే రెండు నిమిషాలు. ఎదురుగా పట్టాలు, పట్టాల పక్కన 1888 నాటి చెక్క డిపో. 1976లో కార్టర్ ప్రెసిడెంట్ పోటీకి దిగినప్పుడు ఆఫీసు అదే. ఎందుకు దాన్నే ఎంచుకున్నారంటే ఖాళీగా ఉంది, టాయిలెట్ ఉంది, అంతేనట. అప్పట్లో ఊరి జనాభా 683, ఆ అంకె దేశమంతా పేపర్లలో వచ్చింది. తరవాత 2000లో 637, 2010లో 776, 2020లో 573. పెద్దగా పెరిగిందీ లేదు, పెద్దగా తరిగిందీ లేదు అనుకోవచ్చు గానీ, 776 నుంచి 573 అంటే నాలుగింట ఒక వంతు మాయం. కౌంటీ మొత్తమూ అంతే, పదేళ్లలో దాదాపు 33 వేల నుంచి 30 వేల లోపుకు వచ్చింది.

నాయన డిపో బెంచీ మీద కూర్చుని మనుషుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నిజంగానే, వేళ్ల మీద. పదకొండు గంటల దాకా పద్నాలుగు, మా ముగ్గురితో కలిపి. అప్పుడు రైలొచ్చింది! కొన్ని శనివారాలు కార్డీల్ నుంచి ఆర్చరీ దాకా ఒక టూరిస్టు రైలు నడుస్తుంది. బిలబిలమంటూ జనం దిగి, చెనిక్కాయ ఐస్‌క్రీమ్ దుకాణం ముందు వరస కట్టి, తిని, ఫొటోలు దిగి, కూత వినపడగానే ఎక్కి వెళ్లిపోయారు. మళ్లీ మేమూ, నుసుములూ. నాయన వాళ్లను లెక్కలో వేసుకోలేదు. "వాళ్లు ఊరోళ్లు కాదు కదా."

ఐస్‌క్రీమ్ గురించి నాయన తీర్పు: "చిక్కీని చలిలో పెట్టినట్టుంది." ఇంకో కప్పు తిన్నాడు.

అసలు అబ్బురం పక్క రోడ్డు మీద ఒక బండి దగ్గర. పెద్ద డేగిశాలో ఉప్పునీళ్లలో ఉడుకుతున్న పచ్చి చెనిక్కాయలు! దక్షిణాది జార్జియాకు ఇది మన మిరపకాయ బజ్జీ లాంటిది, ఫోమ్ గ్లాసులో నీళ్లతో సహా పోసి ఇస్తారు. చిన్నప్పుడు కార్టర్ ఈ ఊరి వీధిలో అమ్మిందీ ఇవే, వాళ్ల పొలంలో పీకి, ఉడకబెట్టి, పొట్లాలు కట్టి. నాయన ఒక కాయ పళ్ల మధ్య పెట్టి నొక్కి, ముందు ఉప్పునీళ్లు జుర్రి, తరవాత పప్పు తీశాడు. ఇంటి దగ్గర ఎట్లా తింటాడో అట్లాగే. బండి దగ్గర నల్లజాతి ముసలావిడ చూసి నవ్వి, ఆ గ్లాసులో ఇంకో గరిటె పోసింది. ఇంగ్లీషు రాని నాయనకు, తెలుగు వినని ఆవిడకు మధ్య నేను దుబాసీ పని చేద్దామని పోయాను గానీ అవసరం పడలేదు.

మధ్యాహ్నం పాత హైస్కూల్. ఇప్పుడు నేషనల్ పార్క్ వాళ్ల మ్యూజియం. తెల్లపిల్లల బడి అది, నల్లపిల్లలది వేరే. 2000 లెక్కల ప్రకారం ఊళ్లో పదిమందికి ఆరుగురు నల్లజాతివాళ్లే. అంటే ఊళ్లో సగానికి ఎక్కువమంది పిల్లలు గేటు దాటని బడిని చూస్తున్నాం మేము. కార్టర్ వాళ్లమ్మ లిలియన్ గురించి మా ఆవిడకు అక్కడ చెప్పాను: నర్సు, పుట్టింది 1898 ఆగస్టు 15, అరవై ఎనిమిదేళ్ల వయసులో పీస్ కోర్ (అమెరికా ప్రభుత్వం వేరే దేశాలకు సేవకు మనుషుల్ని పంపే సంస్థ) వాలంటీర్‌గా ముంబై దగ్గర విఖ్రోలీ వచ్చి పనిచేసిన మనిషి. ఈ 573 మంది ఊరి నుంచి విఖ్రోలీకి! ఆమె కొడుకు ప్రెసిడెంట్ అయ్యాక 1978 జనవరిలో మన దేశానికి వచ్చి హర్యానాలో ఒక పల్లె చూస్తే, ఆ పల్లె పేరు కార్టర్‌పురి అయింది.

సాయంత్రం ఊరికి రెండున్నర మైళ్ల అవతల ఆర్చరీలో కార్టర్ వాళ్ల పాత పొలం. ఆయన నాలుగేళ్ల వయసులో అక్కడికి మారారు. చుట్టూ నల్లజాతి కౌలుదారుల, కూలీల ఇళ్లే. 1938 దాకా కరెంటు లేదు. స్నానాలగదిలో షవర్ చూసి నాయన ఆగిపోయాడు. రేకు బకెట్‌కు అడుగున మేకుతో బొక్కలు కొట్టి పైన వేలాడదీశారు, అంతే. "మీ జేజి ఇట్లాంటిదే తులసికోటకు కట్టింది," అన్నాడు. ఆ రోజుల్లో చెనిక్కాయ చెట్లు పీకి, నేలలో గుంజ పాతి దాని చుట్టూ వామిలా పేర్చి ఆరబెట్టేవాళ్లు. కోళ్లు తిరుగుతున్నాయి, గాడిద ఉంది, చెరకు గానుగ పాతది ఉంది. ఇక్కడ నాయనకు జనం ఎక్కడ అన్న సందేహం రాలేదు, ఎందుకంటే ఆ ఇల్లు, ఆ కొట్టాలు, ఆ కూలీ ఇల్లు అన్నీ ఒకప్పుడు మనుషులతో నిండి ఉన్నట్టే కట్టి ఉన్నాయి.

తిరిగొస్తుంటే రోడ్డు పక్కనే పీకేసిన చేను. ఆపమన్నాడు. లోపలికి దిగనివ్వలేదు నేను, ఇక్కడ పరాయి పొలంలో కాలు పెట్టకూడదు, గట్టు మీదే కూర్చున్నాడు. మిషను చెట్టును వేళ్లతో సహా లేపి, తలకిందులుగా తిప్పి, వరసగా పరిచి పోయింది. కాయలన్నీ ఆకాశం వైపు. రెండు మూడు రోజులు ఎండాక ఇంకో మిషనొచ్చి కాయలు రాల్చుకుంటుంది, కట్టె (కాయ తీసేశాక మిగిలే ఎండు చెట్టు, మాకది పశువుల మేత) చేన్లోనే ఉంటుంది. గట్టు మీద రాలిన కాయ ఒకటి తీసి గోటితో చీల్చి, లోపలి పొట్టు చూశాడు. లోపల నలుపు తిరిగింది. "అదను సరిగ్గా చూసి పీకినారు." ఎకరాకు సుమారు 4,000 పౌండ్లు, అంటే పద్దెనిమిది క్వింటాళ్లు, అని నేను ఫోన్‌లో చూసి చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. మాకు ఆరు వస్తే మంచి ఏడు.

"ఎంతమంది పీకినారంట?"

"ఒకడు, నాయనా. ట్రాక్టర్ మీద."

అప్పుడు వేళ్లు ముడిచాడు. ఆ రోజు లెక్క ముప్పై ఒకటి.

మూడో రోజు, ఆదివారం

పొద్దున్నే ఇంకోసారి ప్లెయిన్స్ మీదుగా. పదమూడు అడుగుల నవ్వే చెనిక్కాయ బొమ్మ 45వ నంబర్ రోడ్డు పక్కన ఉంటుంది, పళ్లన్నీ బయటపెట్టి. ఫొటో దిగాం, తప్పదు. దాని దగ్గర్లోనే మారనాథ బాప్టిస్ట్ చర్చి. నల్లవాళ్లను లోపలికి రానివ్వాలా వద్దా అన్న గొడవ మీద పాత చర్చి 1977లో చీలితే పుట్టిన చర్చి ఇది. ఊరు ఆరువందలమంది, చర్చి గొడవ మాత్రం దేశమంతా వినిపించింది. నాయన విని, "మన ఊళ్లోనూ గుడి ఒక్కటే, గడప దాటేటోళ్లే వేరే" అని, కాసేపాగి, "ఇప్పుడు కొంచెం నయం" అన్నాడు. నాకైతే ఆ నయం ఎంతో తెలుసు, ఏమీ అనలేదు. 2019 దాకా కార్టర్ ఇక్కడ సండే స్కూల్ చెప్పేవాడు, తెల్లవారకముందే జనం వరస కట్టేవాళ్లు. మేం పోయినప్పుడు పార్కింగ్‌లో కొద్ది కార్లే. ఆయన అప్పుడు ఊళ్లోనే, 1961లో కట్టుకున్న ఇంట్లో మంచం మీద ఉన్నాడు. ఇంకో తొమ్మిది రోజులకు నూరేళ్లు నిండాయి. ఆ డిసెంబర్ 29న పోయాడు.

ఊరి దగ్గర ఆయన పొలంలోనే పదెకరాల్లో సోలార్ ప్యానెళ్లు, 2017లో పెట్టినవి, 3,852. ఊరికి కావలసిన కరెంటులో సగానికి పైగా వాటి నుంచే. మా కదిరి దగ్గర ఎన్.పి. కుంటలో వేల ఎకరాల్లో పరిచారు కదా, నాయన వీటిని చూసి కూరగాయల మడి అనుకున్నాడు.

పడమరగా ప్రెస్టన్, రిచ్‌లాండ్, ఆ తరవాత లంప్కిన్. వెబ్‌స్టర్ కౌంటీ మొత్తానికి 2,348 మంది. మూతపడ్డ దుకాణాలు, పెయింట్ రాలిన ఇళ్లు, ఒకటో రెండో కొత్త చర్చిలు. లంప్కిన్ దగ్గర ఇమ్మిగ్రేషన్ వాళ్ల పెద్ద నిర్బంధ కేంద్రం ఉంది. సెన్సస్‌వాళ్లు మనిషి ఎక్కడ పడుకుంటే అక్కడే లెక్కేస్తారు కాబట్టి, అట్లా లోపల ఉన్నవాళ్లు కూడా అక్కడి జనాభాయే. బోర్డు కనిపించగానే కారులో మాటలాగిపోయాయి. పదకొండేళ్లుగా గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నవాళ్లం, కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నా ఆ బోర్డు చూస్తే ఎందుకో టెన్షన్.

చివరగా ప్రావిడెన్స్ కాన్యన్. ఎరుపు, నారింజ, తెలుపు, గులాబీ రంగుల మట్టి గోడలు, కొన్నిచోట్ల 150 అడుగుల లోతు. మొదట చూడగానే మా ఆవిడ "గండికోట" అంది. కానీ గండికోట పెన్నా నది కోసింది. దీన్ని కోసింది మనుషులు. 1800ల మొదట్లో అడవి కొట్టేసి, వాలు చూడకుండా నిలువుగా దున్ని పత్తి వేస్తే, వానలకు మట్టి కోసుకుపోయి పోయి నూరు నూటయాభై ఏళ్లలో ఈ లోయ అయింది. ఇంకా పెరుగుతూనే ఉంది. నాయన అంచు దాకా పోయి, కింద చూసి, "వాలుకు అడ్డం దున్నల్ల. చిన్నపిల్లోనికి తెలుసు" అన్నాడు కోపంగా, రెండువందల ఏళ్ల కిందటి రైతు మీద.

కొలంబస్ మీదుగా రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరాం. అన్నం కూడా తినకుండా ఊరికి వీడియో కాల్ చేశాడు, అక్కడ తెల్లారి ఐదున్నర. ప్రెసిడెంట్ సంగతి, జైలు సంగతి, లోయ సంగతి ఏవీ రాలేదు. ఫోన్‌ను మొహానికి మరీ దగ్గరగా పట్టుకుని చిన్నాయనకు చెబుతున్నాడు:

"అంత కట్టె ఉందప్పా, కాయ రాల్చుకుని కట్టెంతా చేన్లోనే ఇడిసిపెట్టి పొయ్యినారు. ఒక్క ఎనుము లేదు చుట్టుపక్కల. ఒక్క లారీ మనకాడికి తోలినా..."